ఆరో లాకు, ల మీట

మరమ్మతు పుస్తకం. గట్టు మీద మరమ్మతు గది. రాసేది వరహాలమ్మ.

అట్ట లోపల, లాకులన్నీ నడిపే కేంద్రం వాళ్ళు అచ్చేసిన సూచన ఉంది: జరిగింది మాత్రమే రాయవలెను, సొంత మాటలు రాయరాదు. జరిగింది రాయడానికి మాటలు ఎవరినడిగి తెచ్చుకోను? ఇరవై ఆరేళ్ళుగా నా మాటలతోనే రాస్తున్నాను. ఇంతవరకు ఎవరైనా చదివిన జాడ లేదు.

బహుళ విదియ

వచ్చిన వస్తువు: ఆరో లాకు కీబోర్డు. తెచ్చింది: ఆ కాలవ లాకు తలుపు చూసుకునే లస్కరు గంగాభవాని. ఫిర్యాదు: ల మీట ఒకసారి నొక్కితే రెండు పడుతున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచే?" అన్నాను.

"పదకొండేళ్ళు."

"పదకొండేళ్ళా! ఇన్నాళ్ళూ ఏం చేశావే తల్లీ?"

"తుడుపు మీట ఉందిగా ఒదినా. రెండోది పడగానే తుడిచేసేదాన్ని. ఇప్పుడు చిటికెన వేలు మొరాయిస్తోంది." అని వేలు చూపించింది. కణుపు దగ్గర రేగుపండంత వాచి ఉంది. తుడుపు మీట కుడి చివర ఉంటుంది, దాన్ని చిటికెన వేలితోనే నొక్కాలి. రోజుకి ఎన్నిసార్లో, పదకొండేళ్ళు. వేలిది తప్పేం లేదు.

పరీక్ష: ల మీట వంద సార్లు నొక్కాను. ముప్పై ఏడు సార్లు జంట పడింది. అందులో మూడు సార్లు మూడేసి పడ్డాయి. జంట పడినప్పుడల్లా భవాని స్టూలు మీద కూర్చుని "నీ దుంపతెగ" అంటూనే ఉంది. నొక్కేది నేను, తిట్టేది ఆవిడ. అలవాటు.

మీట తొడుగు ఊడదీశాను. కింద స్విచ్చిలో రాగి రేకు ఉప్పు గాలికి పచ్చగా చిలుము పట్టి, అంచు కాస్త వంగి ఉంది. నొక్కినప్పుడు రేకు ఒకసారి తగిలి ఆగాలి. ఇది తగిలి, ఎగిరి, మళ్ళీ తగులుతోంది. స్పిరిట్‌తో కడిగాను. జంటలు ఇరవై రెండుకి తగ్గాయి. సాయంత్రానికి మళ్ళీ ముప్పై దాటాయి.

కీబోర్డు మొత్తం మార్చేద్దామంటే కుదరదు. ఏ లాకు కీబోర్డు ఆ లాకుకి ముద్రపడి ఉంటుంది. లోపలి ముక్కలు మాత్రమే మార్చుకోనిస్తారు.

తదియ

తెల్లారుజామునే ఞ మీట కింద స్విచ్చి చూశాను. కొత్త పెళ్ళికూతురిలా ఉంది. పాపం, దాన్ని ఎవరు నొక్కుతారు గనక. టంకం కరిగించి దాన్ని తీసి ల కింద పెట్టాను. ఞ గూడు ఖాళీ. ఎవరైనా అడిగిన రోజున చూద్దాం.

పరీక్ష: వంద నొక్కులు, వంద లలు. జంట ఒక్కటి లేదు. మళ్ళీ వంద. లేదు.

తీసిన ముక్క భవాని చేతిలో పెట్టాను. గట్టు మీద మా అందరికీ ఉన్న అలవాటే ఇది. పాడైన ముక్కని ఇంట్లో ఉంచుకోకూడదు, మరమ్మతు గదిలోనూ ఉంచకూడదు. సొంతదారే, సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ కాలవలో వదలాలి, నీరు దాన్ని సముద్రానికి లాక్కుపోవాలి, వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. భవాని అలాగే వదిలి వచ్చింది. వస్తూ వస్తూ గుప్పెడు ఎండు రొయ్యలు తెచ్చి నా బల్ల మీద పోసింది.

ఏడింటికి కీబోర్డు లాకు దగ్గర తగిలించి, హాజరు నా ఎదురుగానే కొట్టింది. "నేను ఆరో లాకు లస్కరు గంగాభవానిని. లాకు క్షేమం." తెర మీద పడింది: పోలిక 88.

పైవాళ్ళకి తెలిసిందే అయినా ఒక ముక్క రాసి ఉంచుతాను, ఈ పుస్తకం రేపు ఎవరి చేతిలో పడుతుందో. గొంతుని, మొహాన్ని కేంద్రం నమ్మడం మానేసి ఇరవై రెండేళ్ళు. చచ్చిపోయిన లస్కరు గొంతుతో ఎవరో నాలుగో లాకు తెరిపించారు. దాని కింద ఊరు ఇప్పుడు లేదు. అప్పటి నుంచి వేళ్ళ నడకే మనిషి. ఏ అక్షరానికీ ఏ అక్షరానికీ మధ్య ఎంతసేపు ఆగుతావు, ఎక్కడ తడబడతావు, అదే నువ్వు. పోలిక అరవై ఐదు దాటాలి. ఒక పక్షంలో మూడుసార్లు దాటకపోతే ఆ చెయ్యి చెల్లదు. చెల్లని చేతికి రేషను రాదు, సొంత ఇంటి తలుపు కూడా తెరుచుకోదు.

షష్ఠి

వేరే పనులు: రెండు పంపులు, ఒక తూకం యంత్రం, నీటి సంఘం గోడ మీద గంట.

భవాని దారిలో కనపడింది. వేలు వాపు తగ్గింది. "ఒదినా, నీ చేతికి దండం పెట్టాలి. కాఫీ తాగిన గ్లాసు చల్లారేలోపు హాజరు అయిపోతోంది" అంది. పోలిక ఎంతని అడిగాను. 84 అంది. నాలుగు తగ్గితే ఏముందిలే అనుకున్నాను. సంతోషించాను కూడా, దాచుకోవడం దేనికి. నా పని బాగుంది అని ఎవరైనా నోరారా అని చాలా కాలమైంది.

నవమి

పోలిక 77.

భవాని ఊరికే చెప్పి వెళ్ళింది. నేనూ ఊరికే విన్నాను. వాన వల్ల వేళ్ళు కొయ్యబారి ఉంటాయన్నాను. తర్వాత పక్కన చేర్చిన మాట: అది నా మొదటి తప్పు కాదు, రెండోది. మొదటిది అప్పటికే చేసేశాను, తెలియలేదు.

ఏకాదశి

పోలిక 69.

నీటి సంఘం అధ్యక్షుడు సత్తిరాజు గారు గొడుగు కూడా మూయకుండా లోపలికొచ్చారు. ఆయనకి కంగారెక్కువ, ఈసారి మాత్రం ఆ కంగారుకి అర్థముంది. ఆరో లాకు వెనక నారుమళ్ళు పోసి పన్నెండు రోజులైంది. నాలుగు ఊళ్ళ నారు. అమావాస్య పోటు ఈ నెల పెద్దది. ఉదయం తొమ్మిదిన్నరకి సముద్రం లాకు గడప దాటి లోపలికొస్తుంది. ఆలోపు తలుపు దించకపోతే ఉప్పునీరు నారు మీదికెక్కుతుంది. మళ్ళీ పోసుకోవడానికి విత్తనం లేదు.

"ఇప్పుడే దించేసుకుంటే ఓ పనైపోతుంది కదండీ?" అన్నాను.

"ఆయ్, మీరు భలేవారండీ. లోపల మోకాల్లోతు వాననీరు ఉందండి. ఇప్పుడు దించితే ఆ నీట్లోనే నారు కుళ్ళిపోద్ది. అమావాస్య తెల్లారుజాము పాటుకి నీరంతా దిగిపోవాలండి, ఆ తర్వాతే దించాలి. భవానమ్మ కొడితేనే తలుపు దిగేది, అప్పటిదాకా ఆవిడ చెయ్యి నిలబడాలి, అంతేనండి."

తలుపు దించడానికి చేతి చక్రం ఉండేది ఒకప్పుడు. ఎవరు పడితే వాళ్ళు తిప్పేస్తున్నారని కేంద్రం వాళ్ళు దాన్ని కోసి పట్టుకుపోయారు.

ద్వాదశి

పోలిక 63. చెల్లలేదు. మొదటిసారి.

నేనే లాకు దగ్గరికెళ్ళాను. మళ్ళీ కొట్టొద్దు, ఊరికే ఎలా కొడతావో చూపించు అని కేంద్రానికి పోయే తీగ ఊడదీయించాను. భవాని కొట్టింది. నాతో మాట్లాడుతూనే, తెర వంక చూడకుండా, కూనిరాగం తీస్తూ కొట్టింది. ఆరో లాకు, లస్కరు, క్షేమం, అన్నీ ఒకే పరుగు.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి.

పదకొండేళ్ళుగా ఈవిడ ల నొక్కి ఆగేది. జంట పడిందా లేదా అని తెర చూసేది. పడితే చిటికెన వేలు పోయి తుడిచేది. పడకపోయినా ఆ వేలు సగం దాకా లేచి ఆగేది. ఆ ఆగడం, ఆ లేవడం, ఆ చిరాకు, అదంతా కేంద్రం నేర్చుకుంది. మీట బాగుపడ్డ కొత్తలో చెయ్యి ఇంకా పాత భయంతోనే ఉంది, అందుకే 88. రోజులు గడిచేకొద్దీ భయం వదిలింది, చెయ్యి హాయిగా పరిగెత్తింది. హాయిగా ఉన్న భవాని ఎవరో కేంద్రానికి తెలియదు.

మీటని బాగుచేశాను, మనిషిని చెరిపేశాను. తప్పు నాది. ఎవరి నడక ఎన్నేళ్ళ నాటిదో అడగకుండా లాకు కీబోర్డు మీద చెయ్యి వేయకూడదు. ఈ పని నేర్పిన వాళ్ళెవరూ నాకిది చెప్పలేదు. నాకైనా తట్టి ఉండాల్సింది.

భవానికి చెప్పాను. చిటికెన వేలి వంక చూసుకుంది.

"అయితే కావాలని ఆగి ఆగి కొడతాను" అంది.

త్రయోదశి

ఆగి ఆగి కొట్టింది. ల కొట్టి, మనసులో ఒకటి రెండు లెక్కపెట్టి, కావాలనే ఇంకో ల కొట్టి తుడిచి. పక్కనుండి చూస్తుంటే నాకే కృతకంగా అనిపించింది.

పోలిక 58. రెండోసారి.

ఇక ఒక్కటే మిగిలింది. తెర మీద ఎర్రగా వచ్చింది: మరొకసారి చెల్లనిచో ఈ చెయ్యి రద్దు. కొత్త లస్కరు ఇరవై రోజులలో పంపబడును.

ఇరవై రోజులు. పోటు రెండు రోజుల్లో.

పాత స్విచ్చి ఉంటే గంటలో పెట్టేసేదాన్ని. పాత స్విచ్చి కాలవలో ఉంది. సత్తిరాజు గారు నలుగురు మనుషుల్ని పెట్టి తట్టలతో కాలవ అడుగు దేవిస్తానన్నారు.

"చింతగింజంత ముక్కండీ. పది రోజుల పాట్లు లాక్కుపోయాయి. ఈపాటికి ఏ చేప పొట్టలోనో ఉంటుంది" అన్నాను.

ఆయన గొడుగు అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయారు.

భవాని గడప మీద కూర్చుంది. "ఒదినా, చెయ్యి రద్దయితే నేనెక్కడికి పోను? నా ఇంటి తలుపే నన్ను రానివ్వదుగా" అంది. ఏడవలేదు. ఏడిస్తే నయమనిపించింది.

ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. విదియ నాటి పుట. వందకి ముప్పై ఏడు జంటలు, మూడేసి పడ్డవి మూడు. రేకు అంచు వంపు, ఉప్పు చిలుము. అన్నీ రాసే ఉన్నాయి. సొంత మాటలు రాయరాదన్న మహానుభావుడికి నమస్కారం.

చతుర్దశి

భవానిని హాజరు మానేయమన్నాను. ఒకటి రెండు పూటలు మానేస్తే తాకీదు వస్తుంది, అంతే. రానీ.

ఈరోజు చేసిన పని ఇంతవరకు ఎప్పుడూ చేయలేదు. బాగున్న దాన్ని పాడు చేయడం. అదీ ఎలా పడితే అలా కాదు, పదకొండేళ్ళలో ఉప్పుగాలి ఎలా పాడు చేసిందో సరిగ్గా అలా.

గదిలో చచ్చిన కీబోర్డు ఒకటుంది. దాని స్విచ్చిలు తీశాను. మొదటిదాని రేకుని సూదితో వంచాను. వందకి తొంభై ఒకటి జంటలు. అది భవాని మీట కాదు, పూనకం వచ్చిన మీట. రెండోది వంచుతుంటే రేకు విరిగింది. మూడోదాన్ని వెంట్రుకంత వంచాను: పన్నెండు. లాకు ముందర ఉప్పునీరు ముంచి తెచ్చి చుక్క వేసి, పొయ్యి మీద పెనం వేడికి ఆరబెట్టాను: ఇరవై తొమ్మిది. ఇంకో చుక్క, ఇంకోసారి పెనం: ముప్పై ఆరు. మూడేసి పడ్డవి నాలుగు. ముప్పై ఏడు కోసం పట్టుబట్టలేదు. పాపిష్టి పని అక్కడికి చాలు.

ఞ నుంచి తెచ్చిన మంచి స్విచ్చిని ల కింద నుంచి తీసి పక్కన పెట్టి, ఈ పాడుదాన్ని పెట్టాను.

మధ్యాహ్నం నుంచి దీపాల వేళ దాకా భవాని తీగ తగిలించకుండా సాధన చేసింది. తలుపు దించమనే ఒకే వాక్యం. మొదటి ముప్పై సార్లు బుద్ధిగా, పరీక్షకి కూర్చున్నట్టు కొట్టింది. జంట పడితే మర్యాదగా తుడిచింది. ఈ మర్యాద కేంద్రం ఎన్నడూ చూసి ఎరగదు.

నలభయ్యోసారి కాబోలు, వరసగా రెండు లలూ జంట పడ్డాయి. భవాని పళ్ళు బిగించి, "నీ దుంపతెగ" అంది.

హమ్మయ్య అనుకున్నాను.

చీకటి పడేసరికి చిటికెన వేలు మళ్ళీ రేగుపండయింది. ఆముదం గోరువెచ్చగా చేసి రాశాను. రాస్తుంటే అంది: "పదకొండేళ్ళు దీన్ని తిట్టుకుంటూనే బతికానొదినా. ఇంతకీ కేంద్రం లెక్కలో నేనంటే ఈ తిట్టేనా?"

వేలు వదలకుండా ఇంకాస్త ఆముదం రాశాను. నా కళ్ళు మండాయి. పెనం పొగ అని చెప్పాను.

అమావాస్య

తెల్లారేసరికి వాన నిలిచింది. లోపలి నీరు దిగిపోయింది, నారుమళ్ళు బయటపడ్డాయి. జానెడు నారు, పచ్చగా.

ఏడింటి హాజరు ఇవాళా కొట్టనివ్వలేదు, ఉన్న ఒక్క అవకాశం తలుపుకే. ఎనిమిదింటికి లాకు దగ్గర నేను, భవాని, సత్తిరాజు గారు. నాలుగు ఊళ్ళ వాళ్ళూ గట్టు కింద నిలబడ్డారు. పైకి రావద్దన్నాను. మనుషులు వెనక నిలబడితే చెయ్యి మారుతుంది. సత్తిరాజు గారిని కూడా పొమ్మనాల్సింది. ఆయన నారు ఆయనది, ఎలా పొమ్మంటాను.

తలుపు కిందికి దిగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఎనిమిదింబావుకి నీరు లాకు బయట గోడ మీద మూడో గీత దాటింది. పోటు చప్పుడు మొదలైంది.

"కాఫీ తాగావా?" అని అడిగాను.

"లేదు."

"తాగు. రోజూ తాగే కొడతావుగా."

ఫ్లాస్కులోంచి పోసిచ్చాను. సత్తిరాజు గారు నన్ను చంపేసేలా చూశారు. భవాని నింపాదిగా తాగింది. గ్లాసు పక్కన పెట్టి తీగ తగిలించింది.

కొట్టడం మొదలెట్టింది: నేను ఆరో ల. ఆగింది. తెర చూసింది. జంట లేదు. లేచిన చిటికెన వేలు దిగింది. దీర్ఘం, కు, మళ్ళీ ల. జంట పడింది. తుడిచింది. స్కరు గంగాభవానిని. త ల.

మూడు పడ్డాయి.

సత్తిరాజు గారు "అమ్మో" అన్నారు. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, ఇంకో మాట రాకుండా.

భవానికి ఆ అమ్మో వినపడలేదు. ఆవిడ తెర వంక చూసి, ఇంట్లో పిల్లిని తరిమే గొంతుతో, "నీ దుంపతెగ, ఇవాళ కూడానా!" అంది. అని, టకటకా రెండు తుడిచి, కొమ్మిచ్చి, పు దించు అని కొట్టి, చెయ్యి దులుపుకుంది.

తెర ఇంకా ఏమీ చెప్పలేదు. నాకు మాత్రం తెలిసిపోయింది. ఆ తిట్టు నేర్పితే వచ్చింది కాదు.

పోలిక 86. తలుపు దించబడుచున్నది.

గొలుసులు కదిలాయి. ఎనిమిది నలభైకి తలుపు అడుగున ఆనింది. తొమ్మిదిన్నరకి సముద్రం వచ్చింది, తలుపుని గుద్దింది, పన్నెండు దాకా నిలబడి వెనక్కి పోయింది. నారుమళ్ళలో ఉప్పు చుక్క లేదు. సత్తిరాజు గారు భవాని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకోబోయారు. "మెల్లిగా బాబూ, వేలు నొప్పి" అంది.

శుద్ధ పాడ్యమి

ఈ పని గడులు నింపి మూసేస్తున్నాను.

లోపం: లేదు.
చేసిన పని: లోపం పెట్టాను.
ఫలితం: చెయ్యి నిలిచింది. తలుపు దిగింది.
తీసిన ముక్క: ఒక స్విచ్చి, మంచిది.

ఈ నాలుగో గడి దగ్గర చిక్కొచ్చింది. తీసిన ముక్క సొంతదారుకి ఇవ్వాలి, సొంతదారు కాలవలో వదలాలి. అలవాటు అలవాటే కదా అని నిన్న సాయంత్రం భవాని చేతిలో పెట్టాను. గట్టు దాకా వెళ్ళింది. అక్కడ నిలబడింది. వెనక్కి చూడకుండా రావాల్సిన మనిషి వెనక్కి తిరిగి నా దగ్గరికే వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇది పాడైంది కాదుగా ఒదినా."

"కాదు."

"ఇంకో ఆరేడేళ్ళు కొడతాను నేను. ఆ తర్వాత ఎవరో ఒకరు వస్తారు. వాళ్ళ చెయ్యి కేంద్రం నేర్చుకోక ముందే, మొదటి రోజే, ఇది పెట్టేయ్. వాళ్ళ వేలైనా హాయిగా ఉంటుంది."

"అంతకాలం నేనుంటానో లేదో."

"అందుకే రాసి పెట్టు. రాస్తావుగా నువ్వు, ఏదో ఒకటి."

అగ్గిపెట్టె ఖాళీ చేసి, దూది పరిచి, స్విచ్చి అందులో పెట్టాను. పైన కాగితం అంటించాను: ఆరో లాకు. ల మీట. తర్వాత వచ్చేవారికి. మొదటి రోజే పెట్టాలి. పెట్టె ఈ పుస్తకం పక్కనే, పై అరలో ఎడమ చివర ఉంది.

ఇప్పుడు ఉదయం ఏడు. గట్టు అవతల నుంచి తిట్టు వినపడింది. హాజరు పడినట్టే.